పదకొండు ఉప్పు బస్తాలు

బ్రెయిడ్‌షోర్,
మే 2, 1943

తమ్ముడు గిబ్‌కి,

నీ ఉత్తరం అందింది. సగం సెన్సారు వాళ్ళు నల్ల సిరాతో పూసేశారు, మిగిలిన సగం నువ్వు తిండి గురించి రాశావు. నువ్వు ఏ దేశంలో ఉన్నావో తెలియలేదు గానీ, అక్కడ డబ్బా మాంసం నోట పెట్టలేమని మాత్రం ఊరంతటికీ తెలిసింది. నాన్న ఆ ముక్క రెండుసార్లు చదివించుకుని, "వాడి నోరు బాగా ఆడుతోంది, అంటే వాడు బాగానే ఉన్నాడు" అన్నాడు.

ఇక్కడ మేమూ బాగానే ఉన్నాం. నాన్న మోకాళ్ళు పట్టేశాయి, అయినా పడవ మానడు. వయసు మగాళ్ళంతా మీ రెజిమెంటులోకి పోయారు కాబట్టి ఊళ్ళో తిరిగే పడవలు నాలుగే మిగిలాయి. ఆ నాలుగింటిలో ఉన్నవాళ్ళ పళ్ళన్నీ కలిపితే ఒక్క నోటికి సరిపోతాయి. రేవు కడతామన్నవాళ్ళు ఈ ఏడూ కట్టలేదు. కనక పొద్దున్నే పావడా పైకి దోపుకుని నాన్ననీ, పక్కింటి జేమీ బాబాయినీ వీపున వేసుకుని పడవ దాకా దిగబెట్టేది ఇప్పటికీ నేనే. జేమీ బాబాయి బరువు పెరిగాడు. ఈ రేషను రోజుల్లో ఎలా పెరిగావని అడిగితే, నడి నీళ్ళలో ఉండగా చెప్పనంటాడు.

సరే, అసలు సంగతి. కూర్చుని చదువు. నాకు పెళ్ళి కుదిరింది.

నవ్వకు. ముప్పై ఒకటో ఏట కుదిరితే మాత్రం పెళ్ళి కాకుండా పోతుందా? ఆయన పేరు నార్మన్ ఫార్కర్. మెల్‌డర్న్‌లో బట్టల కొట్టు. చూపు ఆనదని సైన్యంలోకి తీసుకోలేదు. నేను చేపల బుట్ట వీపున వేసుకుని ఆ వీధిలో అమ్ముకుంటూ వెళ్ళేదాన్ని కదా, ఏడాదిగా వారానికి మూడుసార్లు కొనేవాడు. తీరా ఇప్పుడు బయటపడింది ఏమిటంటే, ఆయన చేపలు తినడు, వాసనే పడదు. మొత్తం పిల్లికి వేశాడు. ఆ పిల్లి ఇప్పుడు గుమ్మంలోంచి నేరుగా దూరలేదు, పక్కకి తిరిగి వస్తుంది.

అన్నీ బాగున్నాయి. ఒక్క అత్తగారే. ఆవిడకి రెండు షరతులు. పెళ్ళయ్యాక నేను చేపల బుట్ట ఎత్తకూడదు, అది మొదటిది. నేను మగాళ్ళని వీపున మోశానన్న సంగతి మెల్‌డర్న్‌లో ఒక్క ప్రాణికి కూడా తెలియకూడదు, అది రెండోది. "కాళ్ళు తడిస్తే మగాడు సముద్రం మీద రోజంతా గడ్డకట్టుకుపోతాడండీ. ఆడది ఇంటికొచ్చి పొయ్యి దగ్గర ఆరబెట్టుకుంటుంది. అందుకే మోస్తాం" అని చెప్పబోయాను. "ఎందుకైతేనేం? చర్చిలో నేను ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలి?" అంది.

నేను సరేనన్నాను. నాకు ఈ పెళ్ళి కావాలి గిబ్. ఆయన మంచివాడు, నేను నవ్విస్తే నవ్వుతాడు. మీ రెజిమెంటులో మెల్‌డర్న్ వాళ్ళు బోలెడుమంది. అందుకని నీ నోటికీ తాళం వేసుకో. పెళ్ళి అక్టోబరు పదహారు, మన చర్చిలోనే.

మీ అక్క
ఎల్స్‌పెట్


ఇసుక, ఇంకా ఇసుక,
జూన్ 3, 1943

అక్కా,

నిలబడే చదివాను, చదివాక కూర్చున్నాను. కూర్చున్నది ముళ్ళపొద మీద. నా కేక విని శత్రువులొచ్చారనుకుని ఇద్దరు తుపాకులు తీశారు. నాతోపాటే ఉన్న మన ఊరి వాటీ అయితే, "ఎల్స్‌పెట్‌కి పెళ్ళా? ఇంక మా అమ్మ ఎవరితో పోట్లాడుతుంది?" అని దిగులు పడ్డాడు.

బావగారికి నా నమస్కారాలు. ఏడాదిపాటు తినని చేపలు కొన్నవాడు నిన్ను ఏలుకోగలడు. ఆ పిల్లిని కూడా పెళ్ళికి పిలువు, మధ్యవర్తి అదే కదా.

అత్తగారి రెండో షరతు మాత్రం నాకు మింగుడు పడలేదు. అయినా నోరు విప్పను, భయపడకు. దాచుకోవడానికి నాకూ ఒకటుంది కదా! ఆ చలికాలం నువ్వు ఊపిరితిత్తుల జ్వరంతో మంచాన పడితే, మూడు వారాలపాటు నాన్ననీ బాబాయినీ మోసింది నేను. నువ్వేమో కిటికీ దగ్గర దుప్పట్లో కూర్చుని, "పక్కకి తిరుగు! అలకి ఎదురెళ్ళకు! మెడ పట్టుకోనివ్వకు!" అని అరవడం. ఆడవాళ్ళ పని చేశానని మగాళ్ళంతా ఏడాదిపాటు నన్ను గిబ్బమ్మ అని పిలిచారు. ఆ పేరు ఇక్కడ వాటీ ఒక్కడికే తెలుసు. వాడి నోటికి వారానికి పది సిగరెట్లు పెడుతున్నాను.

మాకో కొత్త లెఫ్టినెంటు వచ్చాడు, పెంబర్టన్ అని. ఇంగ్లీషువాడు, మనిషి నా మోచెయ్యంత, మీసం మాత్రం మనిషంత. మొదటి రోజే వరసలో నిలబెట్టి, "మీరంతా జాలర్లు కదా, ఈత అందరికీ వచ్చుగా?" అన్నాడు. ఒక్క చెయ్యి లేవలేదు. వాటీ ముందుకొచ్చి, "మేం పడవలో ఉంటాం సార్, నీళ్ళలో ఉండం" అని వివరించాడు. ఆయన మీసం కిందికి జారిపోయింది.

ఇప్పుడు మమ్మల్ని ఇనప పెట్టెల్లో పెట్టి ఒడ్డుకి తోయడం, మళ్ళీ లాగడం. ఎందుకో చెప్పకూడదు. నేను ఇక్కడ ఏది రాసినా నల్లగానే వస్తుంది.

నాన్న మోకాళ్ళకి గొర్రెకొవ్వు రాయి.

నీ గిబ్


సిసిలీ,
జూలై 19, 1943

అక్కా,

బతికే ఉన్నాను. ఒంటిమీద గీత కూడా పడలేదు. సముద్రంలోంచి వచ్చి సిసిలీ ఒడ్డున దిగామని పేపర్లో మీరే చదివి ఉంటారు. దిగాం. కాళ్ళు తడిశాయి. అంతకంటే రాయడానికేం లేదు.

సార్జెంట్ మన్రో పోయాడు. నీళ్ళలో. మన ఊళ్ళోనే ఉన్న వాళ్ళావిడ దగ్గరికి ఒకసారి వెళ్ళి రా. ఆయన చివరిదాకా ముందే ఉన్నాడని చెప్పు. అది నిజం.

లెఫ్టినెంట్ గారి కాలికి దెబ్బ తగిలింది, ఆసుపత్రిలో ఉన్నారు. వాటీ గుండ్రాయిలా ఉన్నాడు. ఇక్కడ టమాటాలు పిడికిలంత, అంజూరాలు చెట్టు మీదే పగిలిపోతున్నాయి. నిన్న ఒక ముసలమ్మ నా టోపీ లాక్కుని దాని నిండా బాదం పప్పు పోసి ఇచ్చింది. ఎందుకో తెలియదు. థాంక్స్ చెబితే తిట్టింది.

వాటీ వాళ్ళమ్మకి ఏమైనా రాస్తే నమ్మకు. ఎండకి వాడి బుర్ర చెడింది.

గిబ్


బ్రెయిడ్‌షోర్,
ఆగస్టు 18, 1943

ఒరేయ్ గిబ్,

కాళ్ళు తడిశాయా? అంతకంటే రాయడానికేం లేదా? ఆదివారం పాస్టరు గారు ప్రసంగం మధ్యలో ఆపి, కళ్ళజోడు తుడుచుకుని, "మన గిల్బర్ట్‌కి రాజుగారు శౌర్య పతకం ప్రకటించారు" అని చదివితే మేం నోళ్ళు వెళ్ళబెట్టి విన్నాం. సముద్రంలో చిక్కుకుపోయిన పదకొండు మందిని తూటాల మధ్య ఒడ్డుకి చేర్చాడట! నాన్న లేచి నిలబడ్డాడు. మోకాళ్ళ నొప్పితో లేచినవాడు మళ్ళీ కూర్చోలేక ప్రసంగమంతా నిలబడే విన్నాడు. నేను ఏడ్చాను, జేమీ బాబాయి ఏడ్చాడు, మధ్యలో కుక్క కూడా మొరిగింది. ఊళ్ళో ఆ రోజు ఎవరింట్లోనూ పొయ్యి వెలగలేదు, అందరూ మన ఇంట్లోనే తిన్నారు. ఏం తిన్నారో నాకు గుర్తులేదు, నాలుగు రోజుల తిండి మాత్రం అయిపోయింది.

ఎంత సంతోషంగా ఉందో అంత ఒళ్ళు మండుతోంది. పాస్టరు గారు చదివిన దాన్లో ఎలా చేర్చావో లేదు. ఎలా చేర్చావు? పదకొండు మందిని! ఈత రాదు కదరా నీకు!

ఇంకోటి. వాటీ వాళ్ళమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి వాడి ఉత్తరం చూపించింది. అందులో వాడు రాశాడు: "కంపెనీ మొత్తం గిబ్‌ని ఇప్పుడు ఎల్స్‌పెట్ అని పిలుస్తున్నారు. ఎందుకో నేను చెప్పకూడదు, సిగరెట్లు ఇరవైకి పెరిగాయి."

నా పేరు పెట్టి మగాళ్ళు నిన్ను ఎందుకు పిలుస్తున్నారు? ఏం చేశావు నా పేరుతో? వెంటనే రాయి. రాయకపోతే నీ పాత చొక్కాలన్నీ చించి పడవ తుడిచే గుడ్డలు చేస్తాను.

ఎల్స్‌పెట్ (అసలుది)


సిసిలీ,
సెప్టెంబరు 3, 1943

అక్కా,

సరే, దొరికిపోయాను. మొత్తం చెప్తాను. నాన్నకి చదివి వినిపించే ముందు నువ్వొక్కదానివే ఒకసారి చదువుకో.

తెల్లవారుతోంది. మా ఇనప పెట్టె (దాన్ని పడవ అనడానికి నాకు నోరు రాదు) నేలకి తగిలి ఆగింది, ముందు తలుపు పడింది. ఒడ్డు వచ్చిందనుకున్నాం. సార్జెంట్ మన్రో "పదండిరా!" అని దూకాడు, ఆయన వెనకే ఇంకొకడు. ఇద్దరూ మూటలతో సహా మునిగిపోయారు. మళ్ళీ పైకి రాలేదు అక్కా. మేం తగులుకున్నది ఒడ్డు కాదు, నీళ్ళ కింది ఇసుక దిబ్బ. దానికీ ఒడ్డుకీ మధ్య మన చర్చి నుంచి మన ఇంటికి ఉన్నంత దూరం, మనిషి లోతు నీళ్ళు. కుడివైపు గట్టు మీద ఒక తెల్ల ఇల్లు, అందులోంచి మరతుపాకి కొడుతోంది. ఎడమవైపు మాకంటే ముందు దిగిన మనవాళ్ళు ఇసుకలో మొహాలు దాచుకుని ఉన్నారు. ఆ ఇంటి పని పట్టాల్సింది మేమే. మేం వెళ్ళకపోతే వాళ్ళు అక్కడే అయిపోతారు.

ఎవ్వరూ కదల్లేదు. నేనూ కదల్లేదు, నీ దగ్గర అబద్ధమెందుకు. నా మోకాళ్ళు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి.

అప్పుడు మన వాటీ ఏం చేశాడో తెలుసా? నేరుగా తలుపు అంచుకి వెళ్ళి, రెండు చేతులూ ముందుకి చాపి, ఆగాడు. వీపు కోసం! పడవ ఎక్కాలన్నా దిగాలన్నా పద్నాలుగో ఏట నుంచీ వాళ్ళమ్మ వీపే కదా వాడికి. ఆ క్షణాన బుర్ర పనిచేయక, ఒళ్ళు అలవాటు ప్రకారం నడిచింది. తూటాలు ఇనుముకి తగిలి గంటలు కొట్టినట్టు మోగుతున్నాయి, వీడేమో చేతులు చాపి అమ్మ వస్తుందని చూస్తున్నాడు.

నాకు నవ్వొచ్చేసింది. ఆపుకోలేకపోయాను. నవ్వేసరికి మోకాళ్ళు దారికొచ్చాయి. దిగాను. తుపాకీ, మూటా దించేశాక నీళ్ళు నాకు చంకల దాకా వచ్చాయి, నేను ఊరికే ఇంత పొడుగు పెరగలేదన్నమాట. వాటీకి వీపు తిప్పి "ఎక్కు" అన్నాను. ఏ అనుమానమూ లేకుండా ఎక్కి కూర్చున్నాడు. మన ఊళ్ళో మామూలు పొద్దుటి పూటలాగే తీసుకెళ్ళి దించాను. మళ్ళీ వెనక్కి వచ్చాను.

రెండో బరువు లెఫ్టినెంట్ గారు. "కార్పొరల్, ఏమిటిది?" అన్నారు.

"మా ఊళ్ళో ఇలాగే సార్. మెడ కాదు, భుజాలు పట్టుకోండి. మోకాళ్ళు పైకి. అల వస్తే నేను పక్కకి తిరుగుతాను, మీరు మాత్రం కదలకండి."

ఎక్కాడు, కదిలాడు. సరిగ్గా అల కొట్టే వేళకి జేబులోంచి మ్యాపు తీసి నాకు చూపించబోయాడు. అప్పుడు నా నోట్లోంచి నీ గొంతొచ్చింది అక్కా. అచ్చం నీదే. "నోరు మూసుకుని కదలకుండా కూర్చో, ఉప్పు బస్తా!"

పై అధికారిని! ఇంక నన్ను కాల్చేస్తారనుకున్నాను. ఆయన కిక్కురుమనకుండా భుజాలు పట్టుకుని కూర్చున్నాడు. ఒడ్డున దిగి, "థాంక్యూ కార్పొరల్, ఇంకెప్పుడూ కదలను" అన్నాడు.

అలా పదకొండు మంది. పదకొండు మందికీ అదే తిట్టు. తిట్టకుండా మోద్దామని చూశాను, కాళ్ళు ఆడలేదు. ఒడ్డున వాటీ పడుకుని తుపాకి కాలుస్తూనే అందరికీ చెప్తున్నాడు, "వీడు కాదురా, వీళ్ళక్క ఎల్స్‌పెట్ దిగింది సిసిలీలో!" అని. అందుకు వచ్చింది ఆ పేరు. ఆ పదకొండు మందిలో అయిదుగురు గట్టు వెనకనుంచి వెళ్ళి తెల్ల ఇంటి నోరు మూయించారు. ఎడమవైపు మనవాళ్ళు లేచి నిలబడ్డారు. అది చూశాక నేను ఇసుకలో కూర్చుని బూట్లలోంచి నీళ్ళు పారబోసుకున్నాను.

ఇప్పుడు నిన్ను అడగాల్సింది. ఎడిన్‌బరో నుంచి ఒక విలేకరి వచ్చి వారంగా నా వెనక పడుతున్నాడు. "పదకొండు మందిని ఎలా చేర్చావు?" అంటాడు. ఈదానని చెప్పేద్దామనుకున్నాను, మన ఊరివాళ్ళు చదివితే చచ్చేదాకా నవ్వుతారు. లెఫ్టినెంట్ గారు ఆసుపత్రి మంచం మీంచే "అతను చెప్పేదాకా నేను చెప్పను" అన్నారట, పెద్దమనిషి. వాటీకి సిగరెట్లు ముప్పైకి పెంచాను. వచ్చే నెల నీ పెళ్ళి. నిజం చెబితే మన ఆడవాళ్ళ సంగతి, నీ సంగతి చెప్పాలి. అది మెల్‌డర్న్‌లో కూడా చదువుతారు. నీ పెళ్ళి నా వల్ల చెడిందంటే ఆ పతకం తీసుకెళ్ళి సముద్రంలో పారేస్తాను.

నువ్వు వద్దంటే చెప్పను, ఒట్టు. కానీ ఒక్క మాట విను. అప్పట్లో గిబ్బమ్మ అన్నారని గొడ్లచావడి వెనక్కి పోయి ఏడ్చాను. ఇప్పుడు కంపెనీ మొత్తం ఎల్స్‌పెట్ అని పిలుస్తుంటే గర్వంగా ఉంది. నువ్వు దేన్ని దాచిపెడుతున్నావో ఒకసారి చూసుకో అక్కా. పదకొండు మంది దాని వల్ల బతికారు.

నీ గిబ్


బ్రెయిడ్‌షోర్,
సెప్టెంబరు 19, 1943

గిబ్,

చెప్పు.

అన్నీ చెప్పు, నా పేరుతో సహా. పోయిన మన అమ్మ, వాటీ వాళ్ళమ్మ, మన్రో వాళ్ళావిడ, ఈ ఊళ్ళో పావడా దోపుకున్న ప్రతి ఆడదాని పేరూ చెప్పు. ఎవరి పేరైనా మరిచిపోతే వాళ్ళు నన్ను బతకనివ్వరు.

నీ ఉత్తరం రెండు రోజులు దాచుకున్నాను. మూడో రోజు బావి దగ్గర అందరికీ చదివి వినిపించాను. వినగానే వాటీ వాళ్ళమ్మ నడుం మీద చేతులేసుకుని, "దీనికి పతకాలిస్తారా? అయితే నాకు రాజుగారు బండెడు బాకీ!" అంది. గిబ్, అంత నవ్వు నేను ఈ యుద్ధం మొదలయ్యాక వినలేదు. కడుపులు పట్టుకుని బావి గట్టు మీద పడిపోయారు. మన్రో వాళ్ళావిడ నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. "నేనక్కడ ఉంటే ఆయన్ని మోసేదాన్ని" అంది. అందరం ఆవిడ చుట్టూ కూర్చున్నాం.

ఇంటికొచ్చాక నా మీద నాకే సిగ్గేసింది. వీళ్ళందరి వీపులూ నేను ఒక అత్తగారి కోసం దాచిపెట్టాను. నార్మన్‌కీ ఆవిడకీ రేపు నేనే వెళ్ళి చెప్తాను. పేపర్లో చదివి తెలుసుకోవడం మర్యాద కాదు. పెళ్ళి ఉంటుందో ఊడుతుందో దేవుడికెరుక. భయంగా ఉంది, దాచడమెందుకు. అయినా చెప్పు.

ఎల్స్‌పెట్


మెల్‌డర్న్,
అక్టోబరు 18, 1943

తమ్ముడూ,

ఉత్తరం మీద ఊరి పేరు చూడగానే నీకు సంగతి తెలిసిపోయి ఉంటుంది. అయినా వరసగా చెప్తాను, నువ్వు మధ్యలో ఎగరకు.

ముందు అత్తగారికి చెప్పాను. టీ కప్పు కింద పెట్టి, "పత్రికలోనా?" అంది. "అవునండీ, పేరుతో సహా" అన్నాను. "అయితే నేను పెళ్ళికి రాను" అని మేడ మీదికి వెళ్ళిపోయింది. నార్మన్ నాతో వీధిలోకి వచ్చాడు. కళ్ళజోడు తీసి తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తుడిచాడు. నాకు ప్రాణం పోతోంది.

"నాకు ముందే తెలుసు ఎల్స్‌పెట్" అన్నాడు. "రెండేళ్ళ కిందట మీ ఊరి మీంచి సైకిల్ మీద వెళ్తూ చూశాను. నువ్వు మీ నాన్నని మోస్తూ చెడామడా తిడుతున్నావు, ఆయన హాయిగా చుట్ట కాలుస్తున్నాడు. ఇలాంటి మనిషి ఇంట్లో ఉంటే బాగుంటుందనిపించింది. లేకపోతే నేను చేపలెందుకు కొంటాను?"

ఏం చెప్పమంటావు? నడివీధిలో ఆయన మెడ పట్టుకున్నాను.

ఏడో తారీఖున పేపరొచ్చింది. సగం పేజీ! ఆ రోజు చేపలమ్మడానికి వెళ్తే నార్మన్ కొట్టు నిండా ఆడవాళ్ళు, ఎవరికీ గుడ్డ అక్కర్లేదు, నన్ను చూడాలి. ఒకావిడ నా భుజాలు తడిమి చూసింది. అత్తగారు మాత్రం కిందికి దిగలేదు.

ఇంక పెళ్ళి రోజు. రెండు రోజులుగా ఒకటే వాన. వాగు పొంగి, చర్చి దగ్గరి చెక్క వంతెన కొట్టుకుపోయింది. ఇవతల నేను పెళ్ళి గౌనుతో, నాన్నతో, ఊరంతటితో. అవతల నార్మన్ నల్ల సూటుతో, కూడా పెళ్ళికొచ్చిన మెల్‌డర్న్ వాళ్ళు. ఆయన వంగి బూట్లు విప్పుకోవడం మొదలుపెట్టాడు. తడి కాళ్ళతో పెళ్ళికొడుకు! మన ఊరి ఆడవాళ్ళంతా నా వైపు చూశారు. నేను ఏమీ ఆలోచించలేదురా. గౌను నడుం దాకా దోపుకుని వాగులోకి దిగిపోయాను.

"ఎక్కు" అన్నాను.

"కదలను" అన్నాడు నార్మన్. నిజంగానే కదల్లేదు, మంచి బరువు. మనవాళ్ళ కేకలకి వాగు చప్పుడు వినబడలేదు. ఇవతల దించి వెనక్కి తిరిగానా, అవతల గుర్రపుబండి వచ్చి ఆగింది. అత్తగారు. నల్ల పట్టు గౌను, ఈక పెట్టిన టోపీ, చేతిలో గొడుగు.

మళ్ళీ వాగు దాటి వెళ్ళాను. "రానన్నారు కదండీ?" అన్నాను.

"రానన్నాను. వచ్చాను. పేపర్లో రాసింది నిజమో కాదో చూడ్డానికి వచ్చాను" అని గొడుగు మూసి బండివాడి చేతికిచ్చింది. "మెడ కాదు, భుజాలు. మోకాళ్ళు పైకి. అంతేనా?"

"మీకెలా తెలుసండీ?"

"చదివానమ్మా, చాలాసార్లు. ఇంట్లో కూర్చుని ఇంకేం చెయ్యను?"

ఎక్కింది. సగం దూరం బుద్ధిగానే ఉంది. సరిగ్గా రాళ్ళు జారే చోటుకొచ్చేసరికి, "ఎల్స్‌పెట్, చర్చి గుమ్మానికి ఆ పసుపు పూలు ఎవరు కట్టారు? పెళ్ళికి పసుపు పూలేమిటి?" అంటూ అటు వంగింది. నా కాలు జారింది. అంతే, నోట్లోంచి వచ్చేసింది:

"నోరు మూసుకుని కదలకుండా కూర్చో, ఉప్పు బస్తా!"

నాన్న నోట్లోంచి చుట్ట జారి పడింది. అయిపోయింది, నా పెళ్ళి నా నోటితో నేనే చెడగొట్టుకున్నాననుకున్నాను. అంతలో వీపు మీద ఆవిడ వణకడం మొదలైంది. ఏడుస్తోందనుకున్నాను. కాదు! నవ్వుతోంది! ఎంత నవ్విందంటే టోపీ ఊడి వాగులో పడి సముద్రం దారి పట్టింది. "పోనీ, పోనీ, నువ్వు ఆగకు" అంటుంది, మళ్ళీ నవ్వుతుంది. గట్టెక్కాక వాటీ వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని దిగి, అందరికీ వినబడేలా, "పేపర్లో పదకొండు మంది అని రాశారు. పన్నెండో ఉప్పు బస్తాని నేను" అంది.

చర్చిలో మొదటి వరసలో కూర్చుంది. తల మీద టోపీ లేదు, పాదాలు మాత్రం పొడిగా ఉన్నాయి. నేనే మోకాళ్ళ దాకా తడి గౌనుతో పెళ్ళి చేసుకున్నాను. ఎవ్వరూ చూడలేదు, చూసినా నాకు పట్టలేదు. మొదటి షరతు కూడా ఆవిడే ఎత్తేసింది. నాన్ననీ బాబాయినీ దిగబెట్టడానికి ఇకనుంచి నార్మన్ రోజూ పొద్దున్నే నన్ను సైకిల్ మీద తీసుకెళ్తాడు.

పతకం ఎలా ఉంటుందో రాయి. నాన్న రోజూ అడుగుతున్నాడు.

ఎల్స్‌పెట్ ఫార్కర్ (ఎంత బాగుందో చూడు!)


సిసిలీ, మూటలు కట్టుకుంటూ,
నవంబరు 4, 1943

అక్కా,

నీ ఉత్తరం నేను చదవలేదు. వాటీ లాక్కుని, డబ్బా మీదికెక్కి, కంపెనీ మొత్తానికి చదివి వినిపించాడు. టోపీ కొట్టుకుపోయిన చోట మూడుసార్లు మళ్ళీ చదవమన్నారు. వంటవాడు నవ్వుతూ గరిటె పులుసులో పారేసుకున్నాడు. లెఫ్టినెంట్ గారు కర్ర పట్టుకుని ఆసుపత్రి నుంచి మొన్ననే తిరిగొచ్చారు. "మీ అక్క అత్తగారి అవస్థ నాకు బాగా తెలుసు, నా తరఫున సానుభూతి తెలియజెయ్యి" అన్నారు. వాటీకి సిగరెట్లు మానేశాను, వాడు ఉత్తరం చదివినందుకు తిరిగి నాకే ఇవ్వాలి.

దీంతో పాటు ఒక కాగితం పంపుతున్నాను, మీ పెళ్ళి కానుక. పైన "మమ్మల్ని మోసిన ఎల్స్‌పెట్‌కి" అని లెఫ్టినెంట్ గారు స్వయంగా రాశారు. కింద సంతకాలు: "ఇట్లు, ఉప్పు బస్తాలు". పదకొండు చోట్లలో ఒకటి ఖాళీగా ఉంటుంది. అది సాండీ మిల్న్‌ది, తొమ్మిదో బరువు. పొలాల కుర్రాడు, నవ్వుతూ ఎక్కాడు, నవ్వుతూ దిగాడు. ఒడ్డు దాటాక మూడు వారాలకి కొండల్లో పోయాడు. ఆ మూడు వారాలూ తిన్నన్ని అంజూరాలు తిన్నాడు. ఆ చోట ఇంకెవరూ రాయకూడదు. దాని కింద పన్నెండో చోటు గీసి పంపుతున్నాం, అక్కడ మీ అత్తగారి చేత సంతకం పెట్టించు.

ఎక్కడికి పోతున్నామో చెప్పకూడదు. చలి కోట్లు బయటికి తీయమన్నారని మాత్రం చెప్తాను. నువ్వు తెలివైనదానివి. నాన్న మోకాళ్ళు బాగుచేసి, నా పాత చొక్కాలు చించకుండా ఉంచు.

పతకం ఇంకా రాలేదు, అది రాజుగారి చేతి మీదుగా తర్వాత ఇస్తారట. ఇప్పటికి జనరల్ గారు అందరి ముందూ నా ఛాతీకి రిబ్బను ముక్క గుచ్చి వెళ్ళారు. నీలం, తెలుపు, ఎరుపు చారలు. బొటనవేలంత ఉంటుంది. దాన్ని కత్తితో రెండు ముక్కలు చేశాను. సైన్యం రూలు ప్రకారం తప్పే. లెఫ్టినెంట్ గారు అటు తిరిగి మీసం దువ్వుకున్నారు.

ఒక ముక్క నా చొక్కాకి ఉంది. రెండోది ఇందులో పెట్టాను, జాగ్రత్తగా విప్పు. ఆదివారం చర్చికి కప్పుకెళ్ళే శాలువాకి కుట్టుకో. ముందు వైపు కుట్టుకుంటావేమో, నాకు తెలుసు నీ సంగతి. ముందు కాదు అక్కా. వెనక, రెండు భుజాల మధ్య కుట్టుకో. మేమంతా ఎక్కింది అక్కడే.

నీ తమ్ముడు గిబ్,
ఈ రెజిమెంటులో ఎల్స్‌పెట్